తర్లుపాడు స్టేషన్లో దిగిన మాట

సెటైరికల్ అంటే ఏమిటని నన్ను అడగొద్దని ఎన్నిసార్లు చెప్పినా మా మార్కాపురం వీధిలో వాళ్లు వినిపించుకోరు. ముసలాయన మద్రాసు రాజధాని రోజుల్లో చదువుకున్నాడు గదా, తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. పేపర్లో ఆ మాట కనబడితే చాలు, వేలు దాని మీద పెట్టి అట్లాగే పట్టుకొచ్చేస్తారు. నిఘంటువు చూసుకోమంటాను. నిఘంటువు వ్యంగ్యం అంటుంది, ఎత్తిపొడుపు అంటుంది, అధిక్షేపం అంటుంది. అధిక్షేపం అంటే ఏమిటని మళ్లీ వస్తారు.

నా విసుగు ఆ మాట తెలియక కాదు. ఆ మాట మా వైపుకు రైల్లో రావడం, దిగడం నా కళ్లతో చూశాను. దాని పుణ్యాన మా అక్కకు పుట్టిల్లు లేకుండా పోవలసింది. ఆ సంగతి చెప్పకుండా దాని అర్థం చెప్పడం నాకు చేతకాదు. సంగతి చెప్పడం మొదలుపెడితే అడిగినవాళ్లు పాలు పొంగిపోతున్నాయని లేచిపోతారు. అందుకని రాసి పెడుతున్నాను. ఇక మీదట ఎవరైనా వస్తే ఈ కాగితాలు చేతికిచ్చి నేను పడుకుంటాను.

అప్పుడు మాది కర్నూలు జిల్లా. పట్నం అంటే మద్రాసే. మా నాయనకు ఒక తమ్ముడు. నాయన కన్నా బాగా చిన్నవాడు, నాకు అన్నలాగా ఉండేవాడు. ఆ చిన్నాయన మద్రాసుకు కాలేజీ చదువుకని పోయి, ఆ చదువు ఇక తనకు రాదని కాలేజీ వాళ్లు తేల్చి చెప్పాక, ఒక ఎండాకాలం తర్లుపాడు స్టేషన్లో దిగాడు. నలుగురు కూలీలు మోస్తే గాని కదలని ట్రంకుపెట్టెతో దిగాడు.

అబద్ధం. తర్లుపాడు స్టేషన్లో అప్పుడు కూలీలే లేరు. పెట్టెకు ఒక కొస ఆయన పట్టుకున్నాడు, ఒక కొస నేను. చెప్పేటప్పుడు కాస్త పెంచడం నాకు అలవాటు. పెంచిన తర్వాత ఒప్పుకోవడమూ అలవాటే. రెండూ కలుపుకుని చదువుకోండి.

ఆ పెట్టెలో రెండు చొక్కాలు, ఒక దువ్వెన, కట్టకట్టిన ఇంగ్లీషు పేపర్లు ఉన్నాయి. అసలు సామాను ఆయన నోట్లో ఉంది. కాలేజీలో ఆయన రాసిన ఒక వ్యాసం చూసి ఇంగ్లీషు అయ్యవారు "వెరీ సెటైరికల్" అన్నాడట. మెచ్చుకుని అన్నాడో, వాతపెట్టి అన్నాడో మాకెవరికీ తెలియదు. ఆయన మాత్రం దాన్ని పట్టా పుచ్చుకున్నట్టు పుచ్చుకుని ఇంటికి వచ్చాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో అన్నీ సెటైరికలే. కాడి కట్టేటప్పుడు ఎద్దు కూలబడితే, "చూడు, ఎంత సెటైరికల్‌గా చూస్తాందో" అనేవాడు. పప్పులో ఉప్పు తక్కువయితే అదీ సెటైరికలే. మా జేజి అది మద్రాసులో తగులుకునే జబ్బేదో అనుకుని మిరియాల కషాయం కాచి, ముక్కు పట్టుకుని తాగించింది. తాగించలేదు లెండి. కాచేదా అని మా అమ్మను అడిగింది. అమ్మ, "కషాయానికి పోయేది గాదత్తా అది" అంది.

ఆ ఎండాకాలమే అక్క పెళ్లి కుదిరింది. గిద్దలూరు అవతల పల్లె, మా లాంటి సేద్యగాళ్లే, ఉన్నవాళ్లు. పెళ్లికొడుకు సంగతి ఇక్కడ అవసరం లేదు. పెళ్లికొడుకు నాయన సంగతే కావాలి. తాటిచెట్టంత పొడుగు, చెర్నాకోలంత సన్నం. మాట తక్కువ. పిట్ట తిన్నంత తినేవాడు. ఆయన నవ్వడం చూశామన్న వాళ్లు ఆ తాలూకాలో లేరని చెప్పుకునేవాళ్లు.

మా వైపు పెళ్లిళ్లలో బువ్వం బంతి అని ఒకటుంటుంది. తాళి కట్టిన మరునాడు రెండు వైపుల వాళ్లూ ఎదురెదురుగా కూర్చుని తినే భోజనం. విస్తట్లో అన్నీ వడ్డించినా వియ్యంకుడు అన్నంలో చెయ్యి పెట్టకూడదు. పెళ్లికూతురి వైపు ఆడవాళ్లు ఆయన మీద ఎగతాళి పాట ఎత్తుకోవాలి. ఆయన నవ్వాలి. నవ్విన తర్వాతే ముద్ద. ఆ ముద్ద నోట్లో పడిందంటే రెండిళ్ల మధ్య రాకపోకలు మొదలైనట్టు. ముట్టకుండా లేచాడంటే, కోడలిని తీసుకుపోతారు గాని మళ్లీ పుట్టింటికి పంపరు.

ఇది కథల్లో విన్న సంగతి కాదు. మా ఎదురింటి ముసలామె అట్లా వచ్చినదే. ఎప్పటిదో బంతిలో ఏదో మాట తేడా వచ్చింది. ఆమె పుట్టిన ఊరు మాకు క్రోసెడు దూరం. పెళ్లయి వచ్చాక ఆ ఊరి దారి తొక్కలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ వైపు నుంచి వచ్చే బండ్లను చూస్తూ ఉండేది. మా అక్క చిన్నప్పటి నుంచి ఆమె పక్కన కూర్చుని పూలు కట్టింది. పెళ్లి కుదిరిన దగ్గర నుంచి అక్క ఎవరినీ ఏమీ అడగలేదు, మేనత్తను తప్ప. "అత్తా, పాట జాగ్రత్తగా పాడతావు గదా" అని అడిగింది.

మా మేనత్త, అంటే నాయనకు అక్క, మామూలు పాటగత్తె కాదు. ఆమె గొంతెత్తితే కంభంలో వినబడేది. కంభం దాకా కాదు గాని, ఊరి బయట చేలల్లో మాత్రం వినబడేది, ఇది నిజం. చుట్టుపట్ల ఎవరింట్లో పెళ్లయినా బండి పంపి పిలిపించుకునేవాళ్లు. ఇన్ని బంతుల్లో పాడి ఒక్క వియ్యంకుణ్ణీ లేపలేదు. ఆమె పద్ధతి ఒకటే. మనిషిలో లేనిదే పాడేది.

"సన్నటోణ్ణి కుంభాలు తింటాడనాల. నిండా జుట్టున్నోణ్ణి బోడోడనాల. బోడోణ్ణి పట్టుకోని బోడోడంటే అది పాట గాదు, తిట్టు" అని ఆడపిల్లలకు నేర్పేది.

చిన్నాయనకు ఇది నచ్చలేదు. పెళ్లి దగ్గర పడ్డ కొద్దీ అరుగు మీద అక్కా తమ్ముళ్ల తగాదా ముదిరింది.

"లేనిది అంటే దాంట్లో ఏముందక్కా? గాలి. సెటైరికల్ అంటే నిజం ఉండాల. మనిషి లోపల దాచి పెట్టుకున్నదాన్ని పట్టి బయటికి లాగాల. అప్పుడే మనిషి బాగుపడతాడు."

"పెండ్లికొచ్చినోడు బాగుపడను రాలేదురా. తినను వచ్చినాడు."

"మద్రాసులో ఈ మాట అంటే నవ్వుతారు."

"నవ్వనీ. అందుకే గదా పాడేది."

నాయన పంచె దులుపుకుంటూ లేచి, "ఒరే, నువ్వు పందిరి సంగతి చూసుకో. పాట జోలికి పోవద్దు" అన్నాడు. చిన్నాయన సరేనన్నాడు. ఆయన సరేనంటే మేము భయపడాలని అప్పటికి మాకు తెలియదు.

తాంబూలాలు పుచ్చుకునే రోజున చిన్నాయన పెళ్లికొడుకు వాళ్ల ఊరికి పోయి ఒక సంగతి విని వచ్చాడు. పెళ్లికొడుకు చిన్నప్పుడు వాళ్ల నాయనా అమ్మా పిల్లల్ని ఇంట్లో వదిలి శ్రీశైలం బయలుదేరారట. పెద్దదోర్నాల దాటి అడవి అంచున బండి ఆపుకున్నారు. పక్క పొదలో చిరుత దగ్గినట్టు వినబడింది. ఆయన ఒక్క గెంతులో మద్దిచెట్టు ఎక్కాడు. భార్య బండిలోనే ఉంది. తెల్లారే దాకా ఆయన పైన, ఆమె కింద. అది చిరుతో, దుప్పో, ఎవరి గాడిదో ఎవరూ తేల్చలేదు. ఆ తర్వాత వాళ్లింట్లో దోర్నాల అనే మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదట. ఆమె ఎత్తలేదు, ఆయన ఎత్తనివ్వలేదు.

నిధి దొరికినవాడిలా తిరిగొచ్చాడు చిన్నాయన. ఇవన్నీ మాకు తర్వాత తెలిసిన సంగతులు. గడ్డివామి వెనక మేనత్త వెంట వంత పాడే ఆడపిల్లల్ని పోగేసి, తాను కట్టిన పాట నేర్పాడు. ముసలి పాటలతో విసిగిపోయిన పిల్లలు, మద్రాసు పాట అనగానే ఎగిరి గంతేశారు.

బువ్వం బంతి రోజు వచ్చింది. వేపమండల పందిరి కింద మూడు వందల విస్తళ్లు. సరే, అరవై ఉంటాయి. నల్లమల నుంచి తెచ్చిన మోదుగాకుల విస్తళ్లు. వంకాయ కూర, పప్పు, ఓళిగలనే బొబ్బట్లు, పరమాన్నం. వియ్యంకుడికి ఎదురుగా నాయన కూర్చున్నాడు. వియ్యంకుడి పక్కన ఆయన భార్య, ఆమె పక్కన మా అక్కా బావా. నేను నెయ్యి గిన్నె పట్టుకుని వియ్యంకుడి ముందే నిలబడి ఉన్నాను.

మేనత్త గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

*ఏనుగొచ్చె, ఎద్దులొచ్చె, వియ్యంకుడూ వచ్చె,*
*గంగాళమంత కూడు గుటకలోన మింగె,*
*ఓళిగలు చాలవని విస్తరినే తినె.*

పిట్ట తిన్నంత తినే మనిషి మీద ఈ పాట. బంతి గొల్లుమంది. ఆయన మీసం కింద ఏదో కదిలింది. నవ్వు బయలుదేరింది, ఇంకా చేరలేదు. ఇంకొక్క చరణం పాడితే చేరేదే. మేనత్త ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఆగినంతలో వెనక నుంచి ఆడపిల్లలు అందుకున్నారు.

*దోర్నాల అడవిలోన చిరుత దగ్గెనమ్మా,*
*వియ్యంకుడు చెట్టుపైన, వియ్యపురాలు బండిలోన.*

ఎవరూ నవ్వలేదు. మగపెళ్లివారి వరుసలో ఒక్కొక్క చెయ్యీ విస్తరి మీది నుంచి వెనక్కి పోయింది. ఆయన భుజం మీది తుండు తీసి, ఏమీ అంటని చేతిని తుడుచుకుని లేచి నిలబడ్డాడు. ఆ పొడుగు మనిషి లేస్తే పందిరి తలకు తగిలింది.

నాయన కూడా లేచి చేతులు జోడించాడు. "బావా, పిల్లకాయలు. తెలియక పాడినారు."

"పిల్లకాయల పాట గాదులే బావా. నేర్పిన పాట ఇది." ఆయన గొంతు పెంచలేదు. "బండ్లు కట్టమనండి. కోడలు మా కోడలే, తీసుకపోతాం. పుట్టింటికి పంపే మాట మాత్రం ఇంక ఎత్తొద్దండి."

అక్క చేతిలో ముద్ద ఉంది. దాన్ని పెట్టనూ లేదు, తిననూ లేదు. ఎదురింటి ముసలామె పందిరి గుంజ దగ్గర నిలబడి అక్కనే చూస్తోంది.

అప్పుడు నోరు తెరవకుండా ఉండవలసిన మనిషి నోరు తెరిచాడు. చిన్నాయన ముందుకొచ్చి, "మీరు పొరపాటు పడొద్దు బావా. ఇది తిట్టు గాదు, సెటైరికల్" అన్నాడు.

"అంటే ఏంది?"

చిన్నాయనకు మద్రాసు నుంచి వచ్చినప్పటి నుంచి ఎవరూ అంత శ్రద్ధగా అర్థం అడగలేదు. పొంగిపోయి చెప్పడం మొదలుపెట్టాడు. "అంటే, మనిషిలో ఉండే లోపాన్ని, పిరికితనం గానీ, పిసినారితనం గానీ..."

ఇన్నేళ్ల తర్వాత తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. ఎదురుగా మనిషి తిండి మాని నిలబడి ఉన్నాడు. అక్క బతుకు విస్తట్లో చల్లారిపోతోంది. ఈయన అర్థం చెబుతున్నాడు. అదీ తాపీగా, ఉదాహరణలతో.

"వానికి ఎవరన్నా ఒక ఓళిగ నోట్లో కుక్కండిరా" అంది మేనత్త. తర్వాత ఆమె తనకు తెలిసిన పని చేసింది. పాటను పెంచింది. చెట్టెక్కింది భయంతో కాదు, భార్యకు చుక్కలు కోసిపెట్టడానికని పాడింది. చిరుతలు ఏడు వచ్చాయని, ఏడింటినీ తోకలు ముడేశాడని పాడింది. గొంతు బొంగురుపోయేదాకా పాడింది. ఎవరూ వంత పాడలేదు. ఆయన కదలలేదు. నిజం ఒకసారి బయటపడ్డాక దాని మీద ఎన్ని చుక్కలు పోసినా కప్పడం లేదు.

అప్పుడు వియ్యపురాలు లేచి, కొంగు నడుముకు చుట్టి, పన్నెండు చరణాల జవాబు పాట అప్పటికప్పుడు కట్టి పాడిందని నేను ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూ వస్తున్నాను. ఒక పెళ్లిలో ఆ చరణాలు పాడి కూడా వినిపించాను. అవన్నీ నేను కట్టినవే. ఆమె పాడలేదు. లేవను కూడా లేదు. కూర్చున్నచోటే, విస్తరి వైపు చూస్తూ రెండు మాటలు అంది.

"ఆయప్ప చెట్టెక్కింది నేను ఎక్కమంటేనే. పిల్లలు ఇంటికాడ ఉండారు, ఇద్దరిలో ఒకరన్నా ఇల్లు చేరాల గదా అని నేనే తరిమినా."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఓళిగను మధ్యకు తుంచుతూ, "పొద్దెక్కినాక దిగమన్నా దిగల్యా. అది మాత్రం నేను చెప్పింది గాదు" అంది.

ముందు ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. తర్వాత బంతంతా నవ్వింది. ఆయన నవ్వాడు. ఆ తాలూకాలో ఎవరూ చూడని నవ్వు నేను నెయ్యి గిన్నెతో అడుగు దూరంలో నిలబడి చూశాను. ముందు పళ్లే ఎక్కువ కనబడ్డాయి. తర్వాత తుండుతో కళ్లు తుడుచుకున్నాడు.

"కూర్చో బావా, పరమాన్నం తొరక కట్టింది" అన్నాడు నాయన.

ఆయన కూర్చున్నాడు. అన్నంలో చెయ్యి పెట్టాడు. నేను నెయ్యి ఎంత పోశానో నాకు తెలియదు. "చాల్లే అల్లుడా, దీపం పెట్టుకుందామా ఏంది" అన్నాడాయన. అక్క తన ముద్ద తింది.

వియ్యపురాలు చెప్పింది నిజం కాదని అక్క చాలా కాలం తర్వాత నాతో అంది. కాపురానికి పోయిన కొత్తలో అత్త తల దువ్వుతుంటే అక్క అడిగిందట, నిజంగా నువ్వే ఎక్కమన్నావా అత్తా అని. "నేనా? బండిలో నాకు గుండె ఆగినంత పనాయె. ఎక్కొద్దు, ఎక్కొద్దు అని మొత్తుకున్నా. వినపడితే గదా" అందట. ఆ మాట అంటూ నవ్వుకుందట. అంతకు ముందు ఆ సంగతి తలుచుకుని నవ్వింది లేదట.

ఆషాఢానికి అక్కను పుట్టింటికి తీసుకొచ్చింది ఎవరో కాదు, ఆ వియ్యంకుడే. బండి దిగి, కాళ్లు కడుక్కుని, విస్తరి ముందు కూర్చుని, చెయ్యి పైకెత్తి అట్లాగే ఉంచాడు. "ఏం మరదలా, పాట ల్యా?" అని మేనత్తను అడిగాడు. అది బువ్వం బంతి కాదు, మామూలు భోజనం. మేనత్త ఆయన గిద్దలూరు చెరువు తాగేసి వచ్చాడని పాడింది. నవ్వి తిన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆయనకు అదే పద్ధతి. ఎగతాళి చెయ్యనిదే ముద్ద ముట్టేవాడు కాదు. ఎగతాళిలో ఒక్క నిజం ఉండకూడదు. అక్క ఏటా వచ్చింది, పురుళ్లకు వచ్చింది, ఊరికే అలిగి కూడా వచ్చింది.

ఎదురింటి ముసలామె అక్క వచ్చిన ప్రతిసారీ బండి దగ్గరికి వచ్చి, దిగేదాకా చెయ్యి పట్టుకునేది.

నాకు ఒళ్లు మండించే సంగతి ఇంకొకటి మిగిలింది. చిన్నాయన దీన్నంతా తన ఖాతాలో వేసుకున్నాడు. "నా పాట లేకపోతే ఆ మొగుడూ పెళ్లాలు దోర్నాల సంగతి మాట్లాడుకునేవాళ్లేనా? సెటైరికల్ చేసే పని అదే" అని తాను పోయేదాకా అందరికీ చెప్పుకున్నాడు. వాదిస్తే మళ్లీ అర్థం మొదలుపెడతాడని ఎవరూ వాదించలేదు. అందులో కొంత నిజం ఉందేమోనని నాకూ ఎప్పుడైనా అనిపిస్తుంది. అనిపించినప్పుడల్లా ఇంకా ఎక్కువ విసుగొస్తుంది.

మేనత్త పోయిన మరుసటేడు వియ్యంకుడు అక్కతో పాటు వచ్చాడు. అప్పటికి వయసు మళ్లింది, చూపు తగ్గింది. విస్తట్లో వడ్డించారు. అలవాటు ప్రకారం చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. పాడేవాళ్లు లేరని ఆయనకు గుర్తుందో లేదో. ఆ చెయ్యి అట్లాగే ఉంది. వంటింటి గడపలో అమ్మా అక్కా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

చిన్నాయన గొంతు సవరించుకున్నాడు.

"నువ్వొద్దు బామ్మర్దీ" అన్నాడాయన. "నీ దాంట్లో ఏదో ఒకటి నిజం ఉంటాది." నా వైపు తిరిగాడు.

నాకు పాట రాదు. అప్పుడు మేనత్త గొంతు నా గొంతులోకి దిగి ఊరు దద్దరిల్లేలా పాడానని చెప్పాలని నాకు ఉంది. పాడలేదు. మామూలుగా చెప్పాను.

"ఈ మామ తక్కువోడు గాదు. దోర్నాల అడవిలో రెండు చిరుతల్ని చెవులు పట్టుకోని శ్రీశైలం దాకా ఈడ్చుకపోయినాడంట."

ఆయన ఎత్తిన చెయ్యి కిందికి దించాడు.

"రెండేనా?" అని, అన్నంలో పప్పు కలుపుకున్నాడు.